అటక మీది పసుపు పెట్టె

ఆ శుక్రవారం పొద్దున గోకుల్‌నాథ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి పెట్టె సామిని సాగనంపాలి. సాగనంపాక నిదానంగా ఇడ్లీలు తినాలి. ఆ తర్వాత కూతుర్ని వెంటబెట్టుకుని కారులో మేట్టుపాళయం పోయి, పూజలో ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడి, భోజనాల్లో మొదటి పంక్తిలో కూర్చోవాలి. ఇంత సులువైన ప్లాను కూడా పాడవుతుందా అని మీరు అడగవచ్చు. గోకుల్‌నాథ్‌తో మీకు పరిచయం లేదు కాబట్టి అడుగుతున్నారు.

అతనికి నలభై ఆరేళ్ళు. కోయంబత్తూరు పీళమేడులో ఇడ్లీపిండి రుబ్బే గ్రైండర్ల కొట్టు. మనిషి మంచివాడు. అబద్ధం ఆడడం చేతకాదు, కానీ ఆ సంగతి అతనికి తెలియదు. అక్కడే వస్తుంది చిక్కు.

ముందు పెట్టె సామి సంగతి చెప్పాలి. నాలుగైదు వందల ఏళ్ళ కిందట ఆ వంశం పెద్దలు ఉత్తరాన ఉన్న ఊళ్ళు విడిచి తమిళదేశానికి వచ్చినప్పుడు ఒక పెట్టెను తల మీద పెట్టుకుని మోసుకొచ్చారట. ఊరి పేరు మరిచిపోయారు. ఏ ఏరు దాటారో మరిచిపోయారు. తెలుగు రాయడం, చదవడం కూడా మరిచిపోయారు. పెట్టెను మాత్రం మరవలేదు. ఇప్పుడు ఆ వంశంలో పన్నెండు ఇళ్ళు. ఏడాదికో ఇల్లు చొప్పున పెట్టె తిరుగుతూ ఉంటుంది. దానికి పసుపు గుడ్డ చుట్టి పసుపుతాడు కడతారు. లోపల ఏముందో వంశంలో అందరికంటే పెద్దవారికి ఒక్కరికే తెలుసు. కొత్త ఇంట్లో పీట మీద పెట్టాక ఆ పెద్ద దుప్పటి తెర చాటున కూర్చుని, పెట్టె తెరిచి, నూనె రాసి, పువ్వు పెట్టి మూసేస్తారు. ఐదు నిమిషాల పని.

మోసేవారికి నియమాలున్నాయి. వంశంలో పుట్టినవారే మోయాలి. కడుపులో ఏమీ పడి ఉండకూడదు. సామి ఉన్న గదిలోకి ఒక్కరే వెళ్ళి ఎత్తుకోవాలి. ఎత్తుకున్నప్పటి నుంచి కొత్త ఇంటి పీట మీద దించేవరకూ నోరు తెరవకూడదు. ఒక్క మాట జారినా బయలుదేరిన ఇంటికి వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇక రెండో పెట్టె గోకుల్‌నాథ్‌ది. అందులో అతని చిన్ననాటి వీడియో గేము ఉంది: టీవీకి తగిలించే మిషను, తీగలు చుట్టిన రెండు జాయ్‌స్టిక్కులు, మూడు క్యాసెట్లు. వాటితోపాటు చేతిలో పట్టుకుని ఆడే ఇటుకల గేము. పైనుంచి ఇటుకలు రకరకాల ఆకారాల్లో రాలుతుంటాయి. వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది, నిండకపోతే గోడ నెత్తికెక్కుతుంది. అంతే. కథ లేదు, రంగు లేదు, ముందూ వెనకా లేదు. కూతురు ఫోనులో ఆడే గేముల్లో వానకు తడిసిన తారురోడ్డు కూడా నిజంలా మెరుస్తుంది. చూస్తే గోకుల్‌నాథ్‌కు కళ్ళు తిరుగుతాయి. అతనికి కావలసింది ఎడమ, కుడి, కింద. చేసిన తప్పు అప్పటికప్పుడే కనబడుతుంది, నింపిన వరస అప్పటికప్పుడే తీరిపోతుంది. కొట్టులోగాని, ఇంట్లోగాని ఇంత తేటగా ఉండే పని అతనికి ఇంకొకటి దొరకలేదు.

మూడేళ్ళ కిందట ఇదే గేము అతని కొంప ముంచింది. మదురై నుంచి అత్తగారు వస్తున్నారు, స్టేషనుకు వెళ్ళి తీసుకురమ్మని భార్య వాసుకి చెప్పింది. ఇంకొక్క స్టేజీ అనుకుంటూ గోకుల్‌నాథ్ కూర్చున్నాడు. ఆవిడ ప్లాట్‌ఫారం మీద రెండు గంటలు ఎదురుచూసి, తరువాతి రైలుకే మదురై తిరిగి వెళ్ళిపోయింది. "ఆ మిషిను ఉండాల, లేకుంటే నేను ఉండాల" అన్నది వాసుకి. మర్నాడు గోకుల్‌నాథ్ చేతులు దులుపుకుంటూ వచ్చి, "పెట్టె సామి ఆన, పాత ఇనుం కొట్టుకి పొయ్యిపాయ" అని ఒట్టేశాడు. అప్పటికి సామి ఒట్టన్‌చత్రంలో ఉన్నాడు. అంత దూరం వినబడదనుకున్నాడు.

నిజానికి ఆ సామానంతా రేకుపెట్టెలో సర్ది, పసుపు గుడ్డ చుట్టి, పసుపుతాడు కట్టి, సామాన్ల గదిలో అటక మీదికి ఎక్కించాడు. ఆ ఇంట్లో పసుపు గుడ్డ చుట్టిన పెట్టెను తాకే ధైర్యం ఎవరికీ లేదని అతని నమ్మకం. వాసుకి కుట్టు క్లాసుకు వెళ్ళిన మధ్యాహ్నాల్లో దించుకుని ఆడుకునేవాడు. దీపావళికి ఇటుకల గేములో బ్యాటరీలు మార్చినప్పటి నుంచి స్కోరు మాత్రం అతన్ని ఆశ్చర్యపరుస్తోంది. అన్నిటికంటే పెద్ద స్కోరు నలభై ఎనిమిది వేల ఏడువందలని చూపిస్తుంది. తానెప్పుడు కొట్టాడో గుర్తులేదు. ఏదో కునికిపాట్లలో చెయ్యి తిరిగి ఉంటుందని తనను తానే మెచ్చుకున్నాడు.

సాగనంపడానికి రెండు రోజుల ముందు వాసుకి పూజగదికి సున్నం కొట్టించింది. దాంతో సామిని సామాన్ల గదిలోకి మార్చి, గ్రైండరు అట్టపెట్టె మీద పీట వేసి కూర్చోబెట్టారు. సున్నం కొట్టడానికి వచ్చిన ముని అనే పనివాడు సున్నం కలుపుకునేందుకు అటక మీది గంగాళాలు దించాడు. మూలన ఉన్న పసుపు గుడ్డ పెట్టె కనబడింది. అయ్యో, సామిని ఇలా మూలన పడేశారే అని అంచుకు జరిపి, తుడిచి, పైన రెండు చామంతులు పెట్టి దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున మేట్టుపాళయం నుంచి మణికందన్ వచ్చాడు. గోకుల్‌నాథ్ చిన్నాయన కొడుకు. ఈ ఏడు సామి అతని ఇంటికే. తెల్లవారుజామునే తలకు పోసుకుని, తడిపంచెతో, ఉత్త కడుపుతో ఒక్కడే గదిలోకి వెళ్ళాడు. చూస్తే పెట్టెలు రెండు! ఒకటి కింద, ఒకటి పైన. అడుగుదామంటే ఎవరూ లోపలికి రాకూడదు. మణికందన్ చేతులు జోడించి ఆలోచించాడు. సామి కింద ఉండి సామాను పైన ఉంటుందా? పైగా పైపెట్టెకే పువ్వులున్నాయి. భక్తుడు ఆలోచించవలసిన పద్ధతిలోనే ఆలోచించి, పైపెట్టెను తల మీదికి ఎత్తుకున్నాడు.

బయట గంట మోగింది. "గోవిందా" అంటూ అందరూ వేనెక్కారు. మణికందన్ భార్య ప్రియంక, మరో పదిమంది బంధువులు, ప్రసాదాల బుట్టతో వాసుకి. వేను కదిలింది. గోకుల్‌నాథ్ కళ్ళు మూసుకుని భక్తితో దండం పెట్టాడు. కళ్ళు తెరిచి ఉంటే తన రేకుపెట్టె సొట్ట మూలను గుర్తుపట్టి ఉండేవాడు.

ఐదు ఇడ్లీలు తిన్నాక, ముని అంచుకు జరిపిన తన పెట్టెను వెనక్కి నెడదామని సామాన్ల గదిలోకి వెళ్ళాడు. అటక ఖాళీ. కింద పీట మీద సామి ఉన్నాడు, ఏమీ జరగనట్టు. గోకుల్‌నాథ్‌కు తిన్న ఇడ్లీలు ఐదూ విడివిడిగా తెలిశాయి.

ప్రియంకకు ఫోను చేశాడు.

"ప్రియంకా, వేను కొంచెం నిలిపేదానికి అవుతాదా?"

"అన్నా! ఏమని చెప్పేదన్నా! సామి పలుకుతుండాడు!"

"ఏంది?"

"పెట్టెలోనుంచి సత్తం వస్తుండాది. కీంక్ కీంక్ అని. వేను గుంతలో పడినప్పుడంతా పాట మాదిరి వస్తుండాది. మీ తమ్మునికి కండ్లలో నీళ్ళు కారుతుండాయి, నోరు తెరిచేదానికి లేదే! అందరూ చేతులెత్తి కుంబిడుతుండారు."

"వాసుకి?"

"అక్కని చూస్తే భయంగా ఉండాది. సత్తం విన్నప్పటినుంచి కొయ్య మాదిరి కూర్చునుండాది, ముఖంలో నెత్తురు లేదు. అక్కకి ఇంత భక్తి ఉండాదని మాకు తెలియనే లేదు. స్పీకరు వేసుండానన్నా, అందరూ వింటుండారు, రెండు మాటలు చెప్పండ!"

"గోవిందా" అన్నాడు గోకుల్‌నాథ్. ఫోను పెట్టేశాడు.

పదిన్నరకు రాహుకాలం. అంతకుముందే సామి పీట ఎక్కాలి. ఎక్కకపోతే ఈ ఏడు సామి ఏ ఇంట్లోనూ లేనట్టే లెక్క. వందల ఏళ్ళలో అలా జరగలేదు. అదీగాక ఆ తెర చాటున పెట్టె తెరవబోయేది తిరుమలమ్మాళ్ పెద్దమ్మ. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, వంశానికి పెద్ద, ఒట్టన్‌చత్రం కూరగాయల మండీలో నలభై ఏళ్ళు లారీలకు లోడు ఎత్తించిన గొంతు. ఆవిడ జాయ్‌స్టిక్కులకు నూనె రాస్తున్న దృశ్యం గోకుల్‌నాథ్ కళ్ళముందు కదిలింది. దొంగ ఒట్టు బయటపడుతుంది, మిషను ఈసారి నిజంగానే పాత ఇనుముకు పోతుంది, వాసుకి మదురై రైలెక్కుతుంది. సామిని ఎలాగైనా ముందే చేర్చాలి. కానీ తన కడుపులో ఐదు ఇడ్లీలున్నాయి. తాను తాకకూడదు.

అప్పుడే పదిహేనేళ్ళ త్రిష ఆవలిస్తూ గదిలోంచి బయటికి వచ్చింది.

"కన్నూ, ఏమన్నా తింటివా?"

"లేదుప్పా. ఇప్పుడుదా లేస్తిని."

"కాపీ? నీళ్ళు?"

"ఒండూ లేదు. ఏలప్పా డాక్టరు మాదిరి అడుగుతుండావు?"

గోకుల్‌నాథ్ చెప్పాడు. సామి ఇక్కడే ఉండిపోయాడని, వేరే పెట్టె పోయిందని, నువ్వు ఎత్తుకుని నోరు మూసుకుని కూర్చోవాలని. త్రిషకు నిద్రమత్తు వదిలింది.

"అయ్యయ్యో! గేము పెట్టె మేట్టుపాళయం పొయ్యిందా?"

"గేము పెట్టె అని నేను చెప్పలేదే. నీకెట్ల తెలుసు?"

త్రిష ఒక్క క్షణం తండ్రి ముఖంలోకి చూసింది. "సీక్రం స్నానం చేసి వస్తానుప్పా" అని పరుగెత్తింది. ఐదు నిమిషాల్లో తల తుడుచుకుంటూ వచ్చి సామిని ఎత్తుకుంది. ఇక ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వీల్లేదు.

ఊపిరి పీల్చుకోవడానికి కూడా మాటలు ఆపని పిల్ల ముప్పై అయిదు కిలోమీటర్లు నోరు మూసుకుని కూర్చోవాలి. తుడియలూరు దాటేవరకూ కూర్చుంది. అప్పుడు ఒడిలోని పెట్టెను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో టకటకా ఏదో కొట్టింది. ఫోను వార్తలు చదివే ఆడమనిషి గొంతుతో, స్వచ్ఛమైన తమిళంలో మాట్లాడింది: నాన్నా, లారీని దాటండి, మనకు ఆలస్యమవుతోంది. ఇంట్లో అందరి నోటా తెలుగే గాని ఎవరి చేతికీ రాదు; అందుకని రాత పని వచ్చినప్పుడల్లా తమిళమే.

"మాట్లాడకూడదని చెప్పినానే!" అని గోకుల్‌నాథ్ అరిచాడు.

నేను మాట్లాడలేదు, ఫోను మాట్లాడింది అన్నది ఆ వార్తల గొంతు. వంశాచారంలో దీనికి నిషేధం ఎక్కడుందా అని గోకుల్‌నాథ్ కారమడై వరకూ వెతుక్కున్నాడు. దొరకలేదు.

ఈలోగా ఫోను ఇంకా ఘోరమైన వార్తలు చదవసాగింది. "పెట్టె సామి సొంతాలు" అనే చుట్టాల వాట్సాప్ గుంపులో ప్రియంక ఆ కీంక్ కీంక్‌ను రికార్డు చేసి పంపింది. ఒకాయన అది విని మోకాలి నొప్పి సగం తగ్గిందని రాశాడు. ఇంకొకాయన సగం ఎందుకు, మొత్తం వినండి అన్నాడు. ఆండిపట్టి నుంచి ఒక వేను బయలుదేరింది. మదురై నుంచి రెండు. యాభై మందికి వంట చేయిస్తున్న ప్రియంక, రెండు వందల మందికి అన్నం ఎలా ఉడుకుతుందని ఏడుపు బొమ్మ పెట్టింది. ఆ ఏడుపునూ కొందరు భక్తి అనుకుని దండాల బొమ్మలు పెట్టారు.

మేట్టుపాళయం పొలిమేరలో ముందు పోతున్న బంగాళాదుంపల లారీ మీదనుంచి ఒక మూట జారి కారు ముందు దబ్బున పడింది. గోకుల్‌నాథ్ బ్రేకు మీద నిలబడ్డాడు. త్రిష నోరు పెద్దగా తెరిచింది. తెరిచిన నోటిని చున్నీతో కుక్కుకుని, కళ్ళతోనే అరిచింది. "నా బంగారమే!" అన్నాడు గోకుల్‌నాథ్. మూడేళ్ళలో కూతుర్ని ఇంత మనసారా మెచ్చుకోవడం అదే మొదలు.

పదీ పదికి మణికందన్ ఇల్లు చేరారు. వీధినిండా జనం. గేములు పెట్టిన పెట్టె పీట ఎక్కేసింది. దుప్పటి తెర కట్టేశారు. తిరుమలమ్మాళ్ లోపలికి వెళ్ళి ఇరవై నిమిషాలైంది. లోపలినుంచి కీంక్ కీంక్ వినబడుతూనే ఉంది. పీట మీద దించినా మణికందన్ నోరు తెరవలేదు. పెద్దమ్మ బయటికి వచ్చేవరకూ మౌనమేనని చేత్తో చూపిస్తూ, కళ్ళు తుడుచుకుంటూ తెర పక్కన నిలబడ్డాడు.

అంతలో లోపలినుంచి టుయ్య్‌ అని నీరసంగా ఒక పాట జారింది. గోకుల్‌నాథ్‌కు ఆ పాట తెలుసు. గేము ఓడిపోతే వచ్చేది అదే. జనానికి తెలియదు. "సామికి కోపం వచ్చె!" అని ఎవరో అన్నారు. ఇద్దరు ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు. వెంటనే టిడిడీం అని కొత్త ఆట మొదలైన పాట వచ్చింది. వీధంతా ఊపిరి పీల్చుకుని గోవిందా అన్నది.

సరిగ్గా అప్పుడు త్రిష ఇంకో పసుపు పెట్టెతో, నోట్లో చున్నీతో గుమ్మంలోకి వచ్చింది. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు.

"ఇది ఎవరు?"

"తమ్ముడు సామి. అన్న ముందర వచ్చినాడు, తమ్ముడు ఎనకమ్మట వచ్చినాడు."

"అందుకేదా అన్న పిలుస్తుండాడు, కీంక్ కీంక్ అని!"

"అట్ల కాదు, వినండ" అన్నాడు గోకుల్‌నాథ్. "ముందర వచ్చిన పెట్టె నాది..."

"సామిని నాది అనేదా?" అని ఒక పెద్దాయన కసిరాడు. "గర్వం వద్దురా గోకులా. అందరిదీ అను!"

గోకుల్‌నాథ్ చుట్టూ చూశాడు. స్తంభం పక్కన వాసుకి కనబడింది. అతన్ని చూడగానే తడబడింది.

"ఏమండి, ఆ పెట్టె..."

"ఏ పెట్టె?"

"ఏ పెట్టె లేదు" అని ముఖం తిప్పేసుకుంది. ఇది కోపమో భయమో గోకుల్‌నాథ్‌కు అర్థం కాలేదు. కోపమే అనుకున్నాడు, అలవాటు కొద్దీ.

"గోకులా!" అని తెర వెనకనుంచి మండీ గొంతు వినబడింది. "ఆ పిల్లని పిలుచుకుని లోనికి రారా!"

వీధి సద్దుమణిగింది. గోకుల్‌నాథ్ కూతురితో తెర ఎత్తి లోపలికి వెళ్ళాడు. తిరుమలమ్మాళ్ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, రెండు చేతులతో ఇటుకల గేము పట్టుకుని ఉంది. రేకుపెట్టె పక్కన తెరిచి ఉంది. జాయ్‌స్టిక్కుల తీగలు బయటికి వేలాడుతున్నాయి. నూనె గిన్నెను తాకనైనా లేదు.

"ఉండు, ఈ వరస కానీ" అన్నది తల ఎత్తకుండా.

త్రిష సామిని పీట మీద దించింది. ఇంకా పదిన్నర కాలేదు. నోట్లోంచి చున్నీ లాగేసి, గంటన్నర తర్వాత మొదటి మాట అన్నది: "అవ్వా, ఎల్ మాదిరి ఉండేది అట్ల నిలువుగా పెట్టకూడదు. తిప్పి పడుకోబెట్టాల."

గోకుల్‌నాథ్ కూతురివైపు చూశాడు. కూతురు కప్పువైపు చూసింది.

"పెద్దమ్మా, తప్పైపాయ" అన్నాడు అతను, నేల మీద కూర్చుంటూ. మొత్తం చెప్పాడు. అత్తగారి రైలు, దొంగ ఒట్టు, పసుపు గుడ్డ, ముని చామంతులు. చెబుతుంటే గుండె తేలికైంది. మూడేళ్ళుగా అంత బరువు మోస్తున్నానని అతనికి అప్పుడే తెలిసింది.

"ఆన పెట్టినప్పుడు సామి యాడ ఉండె?"

"ఒట్టన్‌చత్రంలో. మీ ఇంట్లో."

"అయితే వినే ఉంటాడు. చెవుడు నాకుదా, సామికి లేదు."

గేమును ఒడిలో పెట్టుకుని, దానిని అరచేత్తో నిమిరింది. ఆ తరువాత ఆవిడ అన్న మాటలకు గోకుల్‌నాథ్ సిద్ధంగా లేడు.

"నలభై ఏండ్లు లారీలకి తక్కాళి పెట్టెలు ఒకదాని మీద ఒకటి అడికిస్తినిరా. సందు ఉంటే దోవలో పండంతా నలిగి నీరైపోతాది. ఏ పెట్టె యాడ పట్టుతాదో చూడంగానే తెలియాల, అదేదా పని. మోకాళ్ళు పొయ్యినాంక బిడ్డలు మండీకి పోవద్దనిరి. రెండేండ్లు ఇంట్లో గోడని చూసుకుంటా కూర్చుంటిని. ఇంత చిన్న దాంట్లో నా మండీనంతా ఎవురురా పెట్టింది?"

 ఆ గేము తనకెందుకు ఇష్టమో గోకుల్‌నాథ్ ముప్పై ఏళ్ళలో ఎవరికీ చెప్పలేకపోయాడు. ఈవిడ అరగంటలో చెప్పేసింది.

ఆ తర్వాత పనులు త్వరగా జరిగిపోయాయి. తండ్రీ కూతుళ్ళు కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగారు. తిరుమలమ్మాళ్ అసలు పెట్టె తెరిచి, నూనె రాసి, పువ్వు పెట్టి మూసింది. అదీ ఐదు నిమిషాల్లోనే. తరువాత బొటనవేలితో బయటికి చూపిస్తూ మెల్లగా అన్నది: "ఆ మణి ఏడ్చినాడు, చూస్తివా? ఇది ఆటసామాను అని ఊరికే చెప్పేస్తే వాడు చచ్చేవరకూ సొంతమంతా నవ్వుతాది. వాని మానం కాపాడాల. దానికి నీ పెట్టె ఇచ్చేస్తావా?"

గోకుల్‌నాథ్ రేకుపెట్టెవైపు చూశాడు. మిషను, జాయ్‌స్టిక్కులు, క్యాసెట్లు. తండ్రి కొనిచ్చినవి. మణికందన్ కళ్ళు తుడుచుకోవడం తెర సందులోంచి కనబడుతోంది. "ఇచ్చేస్తాను పెద్దమ్మా" అన్నాడు.

తెర తొలగింది. తిరుమలమ్మాళ్ నిలబడింది. లారీలను కదిలించిన గొంతుతో చెప్పింది:

"రెండు పెట్టెలు వచ్చినాయి. ఒకటి తెరవకూడని పెట్టె, అది సామిది. ఇంకొకటి తెరవాల్సిన పెట్టె, అది మనది. గోకులు మన సొంతమంతటికీ ఇచ్చినాడు. ఇంకమీద రెండూ కలిసే ఇల్లిల్లు తిరగాల. మణీ, నీ టీవీ యాడరా?"

అందరూ మణికందన్‌వైపు తిరిగారు. రెండున్నర గంటల మౌనం తర్వాత అతను కళ్ళు తుడుచుకుని, పెట్టెలోకి తొంగి చూసి, గొంతు సవరించుకుని, "నేను వేనులోనే అనుకొంటిని, ఇది బ్యాటరీ సత్తమని" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ చూస్తోంది.

మణికందన్ ఇంట్లో పాత బొజ్జ టీవీ మేడ మీద ధాన్యం గదిలో పడి ఉంది. దించారు, తుడిచారు, తీగలు తగిలించారు. చుక్కలు చుక్కలుగా విమానం కనబడేసరికి హాలంతా కేకలు. నలభై దాటినవాళ్ళకు ఏ మీట ఎక్కడ నొక్కాలో వేళ్ళకే గుర్తుంది. పదేళ్ళ పిల్లలకు ఎవరూ నేర్పవలసిన అవసరం రాలేదు. ఇందాక గోకుల్‌నాథ్‌ను కసిరిన పెద్దాయన మూడుసార్లు విమానం కూల్చి, నాలుగోసారి కూడా తన వంతేనని వాదించాడు. మదురై వేన్లు, ఆండిపట్టి వేను దిగాయి. తిరుమలమ్మాళ్ ఒక ఫోను చేసి మేట్టుపాళయం మండీ నుంచి కూరగాయలు తెప్పించింది. కూరలు తరిగేవాళ్ళు టీవీ ఎదురుగానే కత్తిపీటలు వేసుకున్నారు. భోజనాలు మూడింటికి మొదలయ్యాయి. ఎవరూ ఆకలి అనలేదు.

సాయంత్రం సామాను సర్దుతూ ప్రియంక ఇటుకల గేము వెనక మూతకు గోరు పెట్టింది.

"దీని బ్యాటరీ తీసేస్తాను. లేకుంటే పూజలో మళ్ళీ సత్తం చేస్తాది."

"తీయద్దు!" అని ఒక కేక.

హాలంతా తిరిగి చూసింది. కేక వేసింది వాసుకి. పరుగున వచ్చి గేమును రెండు చేతులా లాక్కుంది.

"తీస్తే స్కోరు పోతాది! నలభై ఎనిమిదివేల ఏడునూర్లు! నేను ఇంకా దాన్ని దాటలేదు!"

అన్న తర్వాత ఏమన్నదో వాసుకికి తెలిసింది. నెమ్మదిగా భర్తవైపు తిరిగింది. ముఖం ఎర్రబడింది.

"ఎప్పటినుంచి?" అన్నాడు గోకుల్‌నాథ్.

"మీరు కొట్టుకి పొయ్యినాంక రోజూ అరగంట" అన్నది తల వంచుకుని. "పారేసినారో లేదో చూద్దామని ఒకదినం దించితిని. అంతేదా. నేను నలభై ఒక్క వేలు దాటలేకపోతిని. మీ స్కోరు చూసి చూసి, మా ఆయనకి ఇంత బుద్ధి ఉండాదా అని..." ఆగింది. "నిజం చెప్తాను. మీ మీద నాకు మరియాద వచ్చిందే ఆ స్కోరు చూసినాంక."

గోకుల్‌నాథ్ ఛాతీ విరిసింది. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఇలాంటి మాట వినలేదు. అవును నాదే అని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాడు. వాసుకి వెనక పీట మీద పెట్టె సామి ఉన్నాడు. ఈసారి దూరం నాలుగడుగులు.

"నాది కాదు" అన్నాడు. "నేను పన్నెండువేలు దాటినట్ల గుర్తే లేదు."

"మరి ఎవురిది?"

హాలు మూలలో పాయసం గిన్నె గీకుతున్న చప్పుడు ఆగింది. త్రిష మెల్లగా చేయి ఎత్తింది.

మళ్ళీ ఆ రెండు పెట్టెలూ పీళమేడు రావడానికి పదకొండేళ్ళు పడుతుందని తిరుమలమ్మాళ్ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. అంతవరకూ ఎలా అని ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు, కానీ ఎవరూ పైకి అనలేదు. కారులో ఇంటికి వస్తూ దారి పొడుగునా ఎల్ ఆకారాన్ని ఎటు తిప్పాలో వాదించుకుంటూ, నవ్వుకుంటూ వచ్చారు. స్టేషను ముందు కారు ఆపించి వాసుకి తల్లికి ఫోను చేసి, ఈసారి మీ అల్లుడు తప్పక వస్తాడు, రమ్మని పిలిచింది.

వారం తిరిగేసరికి అటక మీద పసుపు గుడ్డ చుట్టిన పెట్టెలు మూడు వెలిశాయి. వాటిలో గోకుల్‌నాథ్ పెట్టింది ఒక్కటే.